అద్దం చూసి గీసిన పటాలు

గత నెల పింఛను పనిమీద బ్యాంకుకు పోతూ చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ ముందు ఆగాను. నలభై ఏళ్ళ మనిషి, నల్ల కళ్ళద్దాలు, తెల్ల చొక్కా, వెనకాల మబ్బులు. పుట్టినరోజు శుభాకాంక్షలో, శ్రద్ధాంజలో తెలియలేదు. కింది అక్షరాల మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించి పోయారు. పక్కన సోడాబండి అతణ్ణి అడిగితే, "బతికే ఉన్నడమ్మా, మొన్ననే గీడ కేకు కోసిండు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బతికున్నవాడి బొమ్మకూ, పోయినవాడి బొమ్మకూ తేడా ఏమిటనే లెక్క తేల్చుకోలేక ఒక మనిషి తన చివరి అయిదేళ్ళు పోగొట్టుకోవడం నేను దగ్గరుండి చూశాను.

మహబూబ్‌నగర్‌లో ఆయనను పటాలాయన అనేవారు. పేరు నాకు తెలుసు. కాని ఆయన తన పటాల మీద ఎన్నడూ పేరు వేసుకోలేదు గనుక నేనూ రాయను. 1956 జూన్‌లో ఆడపిల్లల బడికి లెక్కల పంతులమ్మగా వచ్చి, ఆయన ఇంటి ముందుగది కిరాయికి తీసుకున్నాను. నా తలుపు తీస్తే ఆయన పనిచేసే వసారా. అవిసె నూనె వాసన, రంగులు పలచన చేసే తార్పిన్ వాసన నా పుస్తకాలకు పట్టి, బళ్ళో పిల్లలు ముక్కులు మూసుకునేవారు.

ఆయన పని చనిపోయినవాళ్ళ పటాలు నూనె రంగుల్లో చేయడం. ఫోటో ఉంటే దాని మీదా, బొమ్మ వేసే గుడ్డ మీదా గళ్ళు గీసి, గడికి గడి పెంచుకుంటూ పోయేవాడు. ఆ గళ్ళు గీసేది నేను. బడి రిజిస్టరులో నా గీతలు చూసి, "నీ చెయ్యి వణకది పంతులమ్మా, గీ పని జర నువ్వు చూడు" అన్నాడు. 1957 జనవరి నుంచి ప్రతి పటానికీ నేనే గీశాను. ఏ పటం ఏ ఊరిదో, కన్ను ఏ గడిలో పడిందో, ముక్కు కొన ఏ గడిలో దిగిందో ఒక నోటుబుక్కులో ఎక్కించాను. నన్ను ఎవరూ అడగలేదు. ఎక్కించకపోతే నాకు నిద్ర పట్టదు.

కుంచె తుడుచుకోవడానికి ఆయన గుడ్డ వాడేవాడు కాదు, ఎడమ ముంజేతికి తుడుచుకునేవాడు. సాయంత్రానికి ఆ చేతి మీద ఎవరెవరివో చెంపల రంగులు ఉండేవి. కళ్ళు అన్నిటికంటే చివర, అదీ ఇంటివాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నాకే పెట్టేవాడు. కన్ను పెడుతున్నంతసేపు ఊపిరి తీసుకునేవాడు కాదు. నా చేతిగడియారం ప్రకారం ఒక్కో కంటికి నలభై అయిదు సెకన్లు.

పటం మొదలుపెట్టే ముందు మాత్రం చాలా అడిగేవాడు. ఎట్లా నవ్వేవాడు, కోపమొస్తే ఏం చేసేవాడు, నుదుటి మీద గాట్లేమన్నా ఉన్నాయా అని. వాళ్ళు ఏడుస్తూ అన్నీ చెప్పేవారు. ఆయన అన్నీ విని, తల ఊపి, వాటిలో ఒక్కటీ వేసేవాడు కాదు. గాటు ఉండదు, ముడత ఉండదు, పళ్ళు కనబడవు. ఇదేం పద్ధతని ఒకసారి అడిగాను.

"సచ్చినోనికి కోపముండది, నవ్వుండది పంతులమ్మా. గవన్ని మనతోటి ఉన్నన్ని దినాలే. పోయేటప్పుడు కడుక్కొని పోతడు" అన్నాడు.

ఇంటివాళ్ళు ఎన్నడూ తప్పు పట్టలేదు.

ఆ రోజుల్లో పల్లెల్లో నూటికి తొంభై మంది ఒక్క ఫోటో అయినా దిగకుండానే పోయేవారు. అట్లాంటివాళ్ళ పటానికి ఆయన రక్తసంబంధీకులను వరసగా కూర్చోబెట్టి, చీపురుపుల్లతో ముక్కులు, గడ్డాలు కొలిచేవాడు. పుల్ల మీద గోటితో గాటు పెట్టుకునేవాడు. "ముక్కెవరిది వచ్చింది? మేనత్తదా? ఆమెను పిలువుండ్రి" అనేవాడు. ఆ మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చి ముక్కు కొలిపించుకొని పోయేది.

1957 వేసవిలో కోస్గి దిక్కు నుంచి గొర్లు కాసుకునే కుటుంబం ఒకటి వచ్చింది. పెద్దకొడుకు పోయాడు, ఫోటో లేదు. తమ్ముడు అచ్చం అన్న పోలికే అన్నారు. ఆయన ఆ తమ్ముణ్ణే కూర్చోబెట్టి, అక్కడక్కడ నెరిసిన వెంట్రుకలు కలిపి, పటం చేసి ఇచ్చాడు. నెల తిరగకుండా ఆ తమ్ముడి భార్య బండి కట్టించుకొని వచ్చింది. పటాన్ని గొంగట్లో చుట్టి తెచ్చి వసారాలో పెట్టింది.

"గిదేం పని జేసినవయ్యా? నా మొగుడు బతికుండంగనే గోడకెక్కిస్తివి. పొద్దుగాల మా అక్క, పోయినాయన పెండ్లాం, లేసి గా పటానికి దండం పెడ్తది. గీయనేమో గదే గోడ కింద కూసోని అంబలి తాగుతుంటడు. నేనేడ సూడాలె, చెప్పు?"

భర్త బండి దగ్గరే నిలబడ్డాడు. పటాలాయన అతని దిక్కు చూస్తే తల వంచుకొని, "నాకేం గాలే అన్నా, జర జలుబంతే" అన్నాడు.

పటాలాయన పటం వెనక్కి తీసుకున్నాడు. ఆ సాయంత్రమే గడ్డం గీసుకునే అద్దం తెచ్చి వసారా స్తంభానికి కట్టాడు. ఇకమీద ఫోటో లేని వాళ్ళకు బతికున్నవాళ్ళ ముఖం ముట్టననీ, తన ముఖమే చూసి చేస్తాననీ భార్యతో అన్నాడు.

"నీది బతికిన మొఖం గాదా?" అన్నదామె.

"నాది నేనిచ్చుకుంటున్న. అడిగెటోడెవడు?"

అట్లా మొదలైంది. ఫోటో లేని ప్రతి ముఖానికీ ఆయన అద్దం చూసుకొని తన ముఖాన్నే వేసేవాడు. ఒకరికి తలపాగా, ఒకరికి గుబురు మీసం, ఒకరికి బోసినోరు. ఆడవాళ్ళకు మీసం తీసేసి, ముక్కుపుల్ల, నుదుట రూపాయంత బొట్టు పెట్టేవాడు. ముక్కు మాత్రం ఆయనదే. ఇంటివాళ్ళు వచ్చి కూర్చొని, ఆయన ఊపిరి బిగబట్టి కన్ను పెట్టగానే, "అచ్చం మా నాయిననే" అని భోరుమనేవారు. చూడవలసినవాళ్ళకు కనబడింది. ఇందులో నాకు మోసమేమీ తోచలేదు.

1960 డిసెంబరు చివరి ఆదివారం నోటుబుక్కు ముందేసుకొని ఆ ఏటి పటాలు కూడుతున్నాను. ఫోటోలు చూసి చేసినవాటిలో ఏ రెండిటి కొలతలూ ఒకటి కావు. అద్దం చూసి చేసినవి మూడున్నరేళ్ళలో నలభై మూడు. అందులో ఆడవాళ్ళవి తొమ్మిది. నలభై మూడింటిలోనూ కన్ను అదే గడి, ముక్కు కొన అదే గడి. బళ్ళో లెక్క తప్పితే చెప్పినట్టే ఆయనకు చెప్పాను. "ఈ నలభై మూడు పటాలూ ఒక్క మనిషివే."

"ఒక్కనివే గద. నావే" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

మర్నాడు నేను బడికి బయలుదేరుతుంటే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పంతులమ్మా, నేను పోయినంక నా పటం ఎవరన్న జేస్తె, గది నాదని ఎట్ల తెలుస్తది?"

కింద పేరు రాస్తే సరిపోతుందన్నాను. నేను ప్రశ్న తప్పు చదువుకున్న పిల్లనైనట్టు చూసి లోపలికి పోయాడు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు. చూసినవాళ్ళు ఎవరైనా సరే, 'ఇది పటాలాయన' అనవలసిన పటం ఒక్కటి చేయాలి. కళ్ళు, ముక్కు, గడ్డం అన్నీ పోయినవాళ్ళకు పంచిపెట్టాడు. పోయినవాళ్ళకు ఇవ్వనిది ఒక్కటే మిగిలింది, ముఖంలో కదిలే కోపమూ, నవ్వూ, ఏడుపూ. అది పటంలోకి దించితే తప్ప తాను వేరే మనిషినని ఎవరికీ తెలియదు. అదేమో ఆయనకు చేతకాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పాతికేళ్ళుగా ముఖాల మీదినుంచి అది తుడిచిపెట్టడమే నేర్చినవాడు.

మొదటిది వారం రోజుల్లో అయింది. తనే దూరం జరిగి చూసి, "గీ ముసలోనికి దండ ఒక్కటే తక్కువ" అని చాకుతో గీకేశాడు.

నేను బడి లైబ్రరీ నుంచి మనుషుల ముఖాలు గీయడం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, సాయంత్రాలు చదివి అర్థం చెప్పేదాన్ని. నీడంటే నలుపు కాదని, చెంప కింద నీడలో ఆకుపచ్చ కూడా ఉంటుందని, మనిషి ముఖంలో కుడిసగం వేరు ఎడమసగం వేరని, నొసలూ పెదవి మూలా కలిసే కదులుతాయని అందులో ఉంది. ఆయన చిన్నపిల్లవాడిలా వినేవాడు. రంగు పలచగా పూసి మెత్తగా కలిపే అలవాటు మానుకోవడానికి కుంచె పక్కన పెట్టి, గోడకు మట్టి మెత్తినట్టు చాకుతో మెత్తేవాడు. రాత్రికి బాగానే ఉండేది. తెల్లవారి చూస్తే, తనకు తెలియకుండానే మళ్ళీ కుంచె తీసుకొని రెండు చెంపలనూ సమానం చేసి ఉండేవాడు.

"చెయ్యి ఇనదు పంతులమ్మా. ముడత కనపడితె గది సాపు జేసిందాంక ఊకోదు."

ఇంకో చిక్కు కోపం నిలవకపోవడం. అద్దంలో చూసి కోపం తెచ్చుకుంటాడు, గుడ్డ వైపు తిరుగుతాడు, మళ్ళీ అద్దం చూసేసరికి అది ఉండదు. నేను గడియారం పెట్టి చూశాను. ఎంత బిగబట్టినా పదకొండు సెకన్లు. ఒకనాడు భార్యను పిలిచి గడప మీద కూర్చోబెట్టాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"జర తిట్టవే నన్ను."

"ఏమని తిట్టాలె?"

"నీకు తోచింది తిట్టు. నేను అద్దం సూస్తుంట."

ఆమె నా దిక్కు చూసి నవ్వింది. కొంచెం ఆలోచించి, "నువ్వు మంచోనివి గాదు" అన్నది.

"గింతేనా? ఇరువై ఎనిమిదేండ్ల కాపురానికి గింతేనా?"

ఆమె చేట కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "గీ వసారల కూసోని ఎవరెవరి మొగుండ్లనో, ఎవరెవరి అత్తలనో గోడకెక్కిస్తివి. మన బిడ్డ పోయి పందొమ్మిదేండ్లాయె. దానిది ఒక్క పటం జెయ్యకపోతివి. నేను నోరు తెరిచి అడగనైతి, నువ్వు జెయ్యనైతివి."

వాళ్ళకు ఒక కూతురుండేదని, చనిపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన అద్దం నుంచి ముఖం తిప్పి ఆమెను చూశాడు. అప్పుడు ఆ ముఖంలో ఏది కావాలని నాలుగు నెలలుగా చాకుతో గీకుతున్నాడో అది మొత్తం ఉంది. కుడిసగం వేరు, ఎడమసగం వేరు. ఆయన అద్దం చూడటం లేదు. చూసినదాన్ని నేనొక్కదాన్ని, నాకేమో గళ్ళు గీయడం తప్ప బొమ్మ రాదు.

"ఫోటో లేకపాయె. నా మొఖం తీసి దానికి పెట్ట చెయ్యి రాలేదే" అన్నాడు. ఆమె చేట తీసుకొని లోపలికి పోయింది.

ఆ తరువాత ఆయన వెంటపడింది ఆ ముఖాన్నే, జ్ఞాపకం మీద. గీకడం, మళ్ళీ మెత్తడం. 1962 ఎండాకాలానికి పదకొండో ప్రయత్నం నిలిచింది. నొసలు ముడిపడి, ఎడమ పెదవి మూల కిందికి లాగి, కళ్ళు ఎదుటివాళ్ళను నిలదీస్తున్నట్టు. నాకు బాగా నచ్చింది. ఆరడానికి వసారాలో గోడకు ఆనించాడు. ఎవరొచ్చినా ఏమంటారో చూద్దామని పేరు చెప్పకుండా ఊరుకున్నాడు.

మొదట వచ్చింది ఆత్మకూర్ దిక్కు ముసలామె. తన అన్న పటం చేయించుకోవడానికి వచ్చింది. రెండేళ్ళ కింద వాళ్ళ మామగారి పటం మేమే చేసి ఇచ్చాం, అద్దం పటాల్లో ముప్పై రెండోది. మెట్టెక్కి ఆ బొమ్మను చూడగానే కొంగు తల మీదికి లాక్కొని చేతులు జోడించింది.

"మామా," అన్నదామె బొమ్మతో. తరువాత ఆయన వైపు తిరిగి, "మా మామ గిట్లెందుకు సూస్తుండయ్యా? మేమేం తక్కువ జేసినం?" అని అడిగింది.

"గది మీ మామ గాదమ్మా. నేను."

ఆమె ఆయన ముఖం చూసింది, బొమ్మను చూసింది. "మీరు దాస్తున్నరు. నాకు తెల్వదా? ఏటికేడు యాట కొడ్తమని మొక్కి రెండేండ్లాయె, కొట్టలేదు" అని కళ్ళొత్తుకుంది. అన్న పటం మాట మరిచి వెనుదిరిగి పోయింది. ఇంటికి పోయి మేకపోతును కోసి మొక్కు తీర్చిందని తరువాత తెలిసింది.

మాట ఊరూరా పాకింది. పటాలాయన వసారాలో పోయిన పెద్దలు అలిగి కూర్చున్నారన్నారు. రెండు నెలల్లో ఏడు కుటుంబాలు వచ్చాయి. ఏడుగురికీ తమ మనిషే కనబడ్డాడు. ఒకరికి తండ్రి, ఒకరికి అన్న, ఒకామెకు తల్లి కూడా. బొమ్మ ముందు బెల్లం పెట్టారు, కల్లు పోశారు. ఆయన ప్రతి ఒక్కరితోనూ, అది నేను, నేనే, అని చెప్పేవాడు. వాళ్ళు తల ఊపి, ఆయన కాళ్ళకు కూడా దండం పెట్టి పోయేవారు. ఏడో కుటుంబం పోయాక భార్య వచ్చి బొమ్మను గోడవైపు తిప్పింది. ఆయన వద్దనలేదు.

రెండేళ్ళు దాని జోలికి పోలేదు. కడుపు కోసం ఫోటో పటాలు చేశాడు. అప్పటికి పల్లెలకు ఫోటోలు రావడం మొదలై, అద్దం అక్కరలేకుండా పోయింది. 1964 అక్టోబరులో, దసరా సెలవుల్లో, మళ్ళీ తీశాడు. పదిహేను రోజులు నన్ను వసారాలోకి రానివ్వలేదు. గళ్ళు కూడా గీయించుకోలేదు. పదహారో రోజు పొద్దున పిలిచాడు. బొమ్మను నావైపు తిప్పి పక్కన నిలబడ్డాడు. ముంజేయి మోచేతి దాకా రంగే.

"ఎవరు పంతులమ్మా?"

చూశాను. ఆయన చేసిన అన్నిటిలోకి మంచిది. కోపం కాదు, ఏడుపూ కాదు. ఎవరో పిలిస్తే ఇటు తిరిగిన మనిషి. ఎవరు పిలిచిందీ ఇంకా పోల్చుకోలేదు. నేను ఆయనను చూడాలనే చూశాను. కాని ఏడేళ్ళుగా ఆ గళ్ళు గీసిన కన్ను నాది. ముక్కు దగ్గరికి రాగానే ఏడో పటం కనబడింది, నొసటి దగ్గర పందొమ్మిదోది, గడ్డం దగ్గర ముప్పై రెండు. వాటి ఊళ్ళ పేర్లు కూడా వరసగా వచ్చాయి. నేను పరీక్ష పేపరులో అర మార్కు ఎక్కువ వేసిన మనిషిని కాను.

"కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నాను.

"కొలతలడగలే నేను."

నేను బొమ్మను మళ్ళీ మొదటినుంచి చూశాను. ఆయన ముంజేతి మీది రంగు గోటితో గీక్కుంటూ, "సరె తియ్యి. నువ్వు అబద్ధమాడె మనిషివైతె నిన్నడగకపోదును" అన్నాడు.

'మీరే' అనడానికి రెండక్షరాలు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క పెట్టలేదు.

ఆ వారమే బొమ్మ మీద సఫేదా తెల్లరంగు రెండు పూతలు పూసి, ఆరబెట్టి, నల్లగొండ వాళ్ళెవరిదో ఫోటో పటానికి ఆ గుడ్డ వాడేశాడు. గళ్ళు నేనే గీశాను.

1966 ఫిబ్రవరిలో పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు, పెళ్ళినాటిది కూడా. పదకొండో రోజు పీట మీద దీపం ఒక్కటే పెట్టారు. వచ్చిన చుట్టాలు ఇంతమంది పటాలు చేసినవాడికి పటం లేదేమని అడుగుతుంటే ఆయన భార్య దీపంలో నూనె పోసి వత్తి సవరించింది. ఏడాది మాసికం దగ్గరపడుతుండగా నా గదికి వచ్చి, "నీ బుక్కుల సూడు పంతులమ్మా. అన్నిట్ల గీయన లెక్కనే ఉన్నది ఏది?" అన్నది.

నేను వెతికి తీశాను. 1958 లోది, అద్దం పటాల్లో అయిదోది. కోస్గికి అవతల పల్లె. పోయినవాడు ఆయన ఈడువాడే. తలపాగా లేదు, గడ్డం లేదు, మీసం కూడా ఆయన మీసమే. మార్పు ఏమీ చేయలేదని నా చేతిరాతలోనే ఉంది. రెండు రోజులు అడిగి తెచ్చి, స్టూడియోలో ఫోటో తీయించి ఇచ్చేద్దామని అనుకున్నాం.

కోస్గిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాం. ఆ ఇంటి ముసలామె మాకు నీళ్ళిచ్చి, సంగతంతా విని, నొచ్చుకుంటూనే కాదన్నది.

"పటం గడప దాటనియ్యము బిడ్డా. తొమ్మిదేండ్ల సంది దాని ముందల దీపం తప్పలే. లోపటికి రాండ్రి, సూసిపోండ్రి."

ధాన్యపు గరిసె మీద, గోడకు ఉంది. దీపం పొగకు కొంచెం నల్లబడింది. నుదుట కుంకుమ పెట్టీ పెట్టీ అక్కడ రంగు లేచింది. నేను దూరం నుంచే కొలుచుకున్నాను. కన్నుకూ కన్నుకూ మధ్య, ముక్కు పొడవు, పెదవి నుంచి గడ్డం దాకా. అంతా ఆయనే. పటాలాయన భార్య కొంగు సవరించుకొని పటానికి ఎదురుగా పోయి నిలబడింది. ముసలామె పక్కన నిలబడి తన భర్త సంగతులు చెప్పుకుపోతోంది. ఎంత కోపిష్టో, ఎద్దులంటే ఎంత ప్రాణమో. "గా కండ్లు సూడు. నేను అలిగితె గట్లనే సూస్తుండె" అన్నది.

ఆమె అంతా విన్నది. చాలాసేపు చూసింది. చివరికి, "మంచిగున్నడమ్మా మీ ఆయన" అని ముసలామె చెయ్యి పట్టుకొని, సెలవు తీసుకుంది.

చెరుకు తోట దాటాం. ఆమె నడుస్తూనే అన్నది.

"నా మొగుడు గాదు పంతులమ్మా. గామె మొగుడే."

అది ఆయనేనని, నా దగ్గర గడితో సహా రాసి ఉందని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. కోస్గిలో బస్సు రెండు గంటల పది నిమిషాలు ఆలస్యం. ఎండలో పక్కపక్కనే కూర్చున్నాం. ఏడాది మాసికానికి ఇంకా ఆరు రోజులున్నాయి. పీట మీద ఏం పెట్టాలని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.